లైను కట్టేసే ముందు మాకో మాట చెప్పండి

గోదావరి డెల్టాలో రైళ్లు నడిపే రైల్వే అధికారులకు, ఇక్కడి బస్సు డిపోల బాధ్యత చూసే ఆర్టీసీ అధికారులకు నమస్కారం.

తణుకు దగ్గర ఒక ఊరి నుంచి సీజన్ టికెట్ మీద భీమవరం వెళ్లి ఉద్యోగం చేసుకొచ్చే మనిషిని. పనుల కోసం లైన్ బ్లాకులు పెట్టి, అంటే లైను మీద బళ్లు ఆపేసి, మా మెము బళ్లను (కరెంటు పాసింజర్లను) రోజుల తరబడి రద్దు చేసినప్పుడు ఇక్కడ ఏం జరుగుతుందో మీకు చెబుదామని ఈ ఉత్తరం రాస్తున్నాను. పనులు ఆపమని మాత్రం అడగడం లేదు. ఆ మాట ముందే చెప్పేస్తే మిగతాది మీరు స్థిమితంగా చదువుతారు.

పనుల విలువ మాకు తెలియక కాదు. విజయవాడ నుంచి గుడివాడ, భీమవరం మీదుగా నరసాపురం, గుడివాడ నుంచి మచిలీపట్నం, భీమవరం నుంచి నిడదవోలు, అన్నీ కలిపి 221 కిలోమీటర్ల లైను. మొన్నమొన్నటిదాకా సింగిల్ లైనే. ఎదురు బండికి దారివ్వడానికి అత్తిలిలోనో ఆకివీడులోనో క్రాసింగులో పడేవాళ్లం. కొన్న వేరుశనక్కాయలు అయిపోయి, ఒళ్లో పొట్టు దులుపుకున్నా బండి కదిలేది కాదు. 2011-12లో మంజూరైన డబ్లింగు, విద్యుదీకరణ పూర్తయ్యేసరికి పదేళ్లు దాటింది. ఆ పదేళ్లలో ఎన్ని బ్లాకులు పెట్టారో, ఎన్ని బళ్లు రద్దు చేశారో అన్నీ భరించాం. ఇప్పుడు రెండు లైన్లున్నాయి, పైన కరెంటు తీగ ఉంది. ఆ కష్టానికి ఫలితం రోజూ అనుభవిస్తున్నాం కాబట్టి పని అంటే మాకు కోపం లేదు.

ఇంకో సంగతి కూడా మరిచిపోలేదు. 2023 అక్టోబరు 29 రాత్రి విజయనగరం జిల్లా కంటకాపల్లి దగ్గర ఆగి ఆగి వెళ్తున్న పాసింజరును వెనకాల వచ్చిన ఇంకో పాసింజరు గుద్దింది. 14 మంది పోయారు. ఆ బళ్లలో ఉన్నది మాలాగే పని చూసుకుని ఇంటికి పోయేవాళ్లు. అలాంటిది మళ్లీ జరగకుండా, బళ్లు గుద్దుకోకుండా తనంతట తానే బ్రేకు వేసే కవచ్ పెడతామన్నా, సిగ్నళ్లు మారుస్తామన్నా, పట్టాలు కొత్తవి వేస్తామన్నా వద్దనేవాళ్లు ఎవరుంటారు? యార్డులో కొత్త సిగ్నలింగు కలిపేటప్పుడు కొన్ని రోజులు నాన్ ఇంటర్‌లాకింగ్ పనులు తప్పవని, అప్పుడు బండిని ఒక లైను నుంచి ఇంకో లైనుకు మళ్లించే పాయింట్లను మనుషులే చేత్తో కదిపి, క్లాంపు బిగించి, తాళం వేసి బండిని మెల్లగా పంపాలని, అందుకే బళ్లు తగ్గిస్తారని మాలో చాలామందికి ఇప్పుడు తెలుసు. రైల్వేలో పనిచేసే వాళ్లూ మా పెట్టెల్లోనే ప్రయాణం చేస్తారు. ఎండలో ఆ పని చేసే ట్రాక్‌మన్ల మీద మాకు గౌరవమే తప్ప ఫిర్యాదు లేదు.

చిక్కల్లా కబురు దగ్గరే.

2023 నవంబరు 30 నాటి గెజిట్ ద్వారా రైల్వే శాఖ రోలింగ్ బ్లాక్ పద్ధతి తెచ్చింది. ఏ సెక్షన్లో ఎప్పుడు లైను ఆపి మరమ్మతులు, మార్పిడి పనులు చెయ్యాలో 52 వారాల ముందు వరకు ప్రణాళిక వేసుకుని, దాన్ని ఎప్పటికప్పుడు ముందుకు జరుపుకుంటూ పోవడం ఆ పద్ధతి. చాలా మంచిది. అంటే వచ్చే వేసవిలో మా లైను ఏ వారం ఆగుతుందో ఇప్పటికే ఎక్కడో ఒక కాగితం మీద ఉండాలి. మరి ఆ కాగితం మా స్టేషన్ బుకింగ్ కిటికీ దాకా రావడానికి అంత కాలం ఎందుకు పడుతోంది? మాకు తెలిసేసరికి ఒకటి రెండు రోజులే మిగులుతున్నాయి. కొందరికైతే ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాక పక్కవాళ్లు "ఇవాళ బండి లేదంటండి" అంటే తప్ప తెలియదు.

మా డెల్టాలో ఏటా కట్టేసేవి ఇంకొకటి ఉన్నాయి, కాలువలు. వేసవిలో ధవళేశ్వరం నుంచి నీళ్లు ఆపేసి పూడిక తీస్తారు, లాకులు బాగుచేస్తారు, గట్లు చూసుకుంటారు. ఫలానా తేదీన కాలువలు కట్టేస్తున్నామని ఇరిగేషన్ వాళ్లు ముందే ప్రకటిస్తారు. ఆ కబురు వచ్చిన దగ్గర్నుంచి పంచాయతీలు మంచినీళ్ల చెరువులు నింపుకుంటాయి. దాళ్వా (రబీ వరి) రైతు ఆఖరి తడి లెక్క చూసుకుంటాడు. తేదీ మీద గొడవలు లేకపోలేదు. ఇంకో వారం నీళ్లివ్వమని రైతులు అడుగుతారు, ఒక్కోసారి ఇస్తారు కూడా. అయితే కాలువ ఎండిన రోజు పొద్దున్నే బిందె పట్టుకొచ్చి "అయ్యో, నీళ్లు లేవే" అని ఆశ్చర్యపోయేవాళ్లు మాత్రం ఉండరు. లైను కట్టేసేటప్పుడు కూడా మాకు చెరువు నింపుకునే వ్యవధి ఇవ్వండి. మేం అడుగుతున్నది అంతే.

ఇక ఆ కబురు ఎలా చెబుతున్నారో కూడా చూడండి. అయిదంకెల బండి నంబర్లు వరసగా ఉంటాయి. వాటి పక్కన రద్దు, పాక్షికంగా రద్దు, దారి మళ్లింపు, రీషెడ్యూల్ అని ఉంటుంది. తేదీ ఎదురుగా జేసీవో అని మూడక్షరాలు ఉంటాయి. ఆ తేదీ బండి మొదట బయల్దేరే చోట లెక్క. హైదరాబాదు వైపు నుంచి రాత్రి బయల్దేరే బండి మా దగ్గరికి తెల్లారి వస్తుంది కాబట్టి 10వ తేదీ రద్దంటే మాకు 11వ తేదీ పొద్దున బండి రాదని అర్థం. ఈ లెక్క తెలియక స్టేషన్‌కి వచ్చి తిరిగి వెళ్లిన ముసలివాళ్లను చూశాను. పాక్షికంగా రద్దంటే ఏ స్టేషన్ దాకా నడుస్తుందో, అక్కడి నుంచి మా ఊరికి ఎలా రావాలో కూడా ఆ కాగితంలో ఉండదు. రైల్వే ఎంక్వయిరీ నంబరు 139కి ఫోన్ చేయొచ్చు, బండి ఎక్కడుందో చూపించే ఎన్‌టీఈఎస్ యాప్‌లో చూడొచ్చు అంటారు. చూసుకోగలిగినవాళ్లు చూసుకుంటున్నారు. నేను మాట్లాడుతున్నది రేలంగిలో బండెక్కి తణుకులో దిగే మామ్మ గురించి. ఆవిడకు కావలసింది నంబరు కాదు, "పొద్దున ఏడింటి బండి సోమవారం నుంచి శనివారం దాకా రాదు, దాని బదులు బస్సు ఇక్కడి నుంచి ఇన్నింటికి" అని తెలుగులో, పెద్దక్షరాలతో రాసి కిటికీ పక్కన అంటించిన కాగితం. ఒక్క అట్టముక్క, ఒక మార్కర్ పెన్ను చాలు.

మా లైనుకు ఇంకో ప్రత్యేకమైన బాధ ఉంది. ఏలూరు, తాడేపల్లిగూడెం మీదుగా పోయే మెయిన్ లైనులో పనులు పెట్టినప్పుడు పెద్ద బళ్లను గుడివాడ, భీమవరం మీదుగా నిడదవోలుకు మళ్లిస్తారు. అక్కడ పని జరిగినా ఇక్కడ మా మెములే ఆగుతాయి, ఆ పెద్ద బళ్లకు దారి కావాలి కాబట్టి. అది కూడా అర్థం చేసుకోగలం. కానీ మా బండి రద్దయిన రోజున మా కళ్ల ముందే ఇరవై పైచిలుకు పెట్టెల ఎక్స్‌ప్రెస్ హారన్ కొట్టుకుంటూ, ఒక్కోసారి సిగ్నల్ లేక మా ప్లాట్‌ఫారం పక్కనే ఆగి, ఎవరినీ ఎక్కించుకోకుండా వెళ్లిపోతుంటే ఎలా ఉంటుందో ఆలోచించండి. మళ్లించిన బళ్లలో రోజుకు రెండు మూడింటికైనా కైకలూరు, ఆకివీడు, అత్తిలి, తణుకుల్లో తాత్కాలికంగా రెండు నిమిషాల హాల్టు ఇవ్వండి. మామూలు టికెట్టుతో జనరల్ పెట్టెలో ఎక్కనివ్వండి. దీనికి కొత్త బస్సు అక్కర్లేదు, అదనంగా డీజిల్ ఖర్చూ లేదు.

ఇక ప్రత్యామ్నాయం సంగతి. "బస్సులున్నాయిగా" అని చాలామంది తేలిగ్గా అనేస్తారు. పాసింజరు బండి ఎక్కేవాళ్లు ఎవరో తెలిస్తే అంత తేలిగ్గా అనరు. కోవిడ్ తర్వాత 30 రూపాయలు చేసిన కనీస చార్జీని 2024 ఫిబ్రవరిలో మళ్లీ 10 రూపాయలకు దించారు. ఆ పది రూపాయల మీద లెక్క వేసుకుని బతికే వాళ్లున్నారు ఈ బళ్లలో. బట్టల కొట్లలో పనిచేసే అమ్మాయిలు, తాపీ పనివాళ్లు, కాలేజీ పిల్లలు, వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్‌కు వెళ్లేవాళ్లు. డయాలసిస్ అనేది బండి వచ్చినప్పుడు చేయించుకుందాంలే అని వాయిదా వేసేది కాదు. ఆ రోజు ఆటో మాట్లాడుకుంటే వారం కూరగాయల డబ్బు అందులో పోతుంది.

అందరికంటే ఎక్కువ నష్టపోయేది చేపలమ్మే ఆడవాళ్లు. తెల్లవారుజామున ఆకివీడు వైపు చేపలు కొనుక్కుని, అల్యూమినియం బేసిన్లలో ఐసు ముక్కలు వేసి, పైన తడి గోనె కప్పి, తలుపు దగ్గర కింద కూర్చుని వస్తారు. మెము తలుపులు వెడల్పు, బేసిన్ దించడం, ఎక్కించడం తేలిక. నీళ్లు కారినా అడిగేవాళ్లు ఉండరు. ఎవరైనా ముక్కు మూసుకుంటే "మీ ఇంటికి ఆదివారం నేనే వస్తానుగా బాబూ" అంటుంది ఒకావిడ. మా బండి రద్దయిన ఒక రోజు ఆవిడను బస్టాండులో చూశాను. బస్సు మెట్ల దగ్గర బేసిన్ పట్టుకుని నిలబడింది. లోపల కాలు పెట్టే చోటు లేదు, పైగా చేపల నీళ్లు సీట్ల కిందకి పోతాయని జనం అరుస్తున్నారు. కండక్టరు మాత్రం ఏం చేస్తాడు? రెండు బస్సులు వదిలేసింది. ఎండెక్కేకొద్దీ గోనె మీద నీళ్లు చల్లుతూనే ఉంది. చివరికి నలుగురు కలిసి ట్రక్ ఆటో మాట్లాడుకుని వెళ్లారు. మధ్యాహ్నం దాటిన చేపకు ధర ఎంత పలుకుతుందో డెల్టాలో పుట్టిన ఎవరికీ చెప్పనక్కర్లేదు.

ఆర్టీసీ వారికి కూడా ఒక మాట. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి కింద ఆడవాళ్లకు పల్లెవెలుగు నుంచి ఎక్స్‌ప్రెస్ దాకా ప్రయాణం ఉచితం చేశారు. మా ఆడవాళ్లకు అది నిజంగా పెద్ద మేలు. దాంతో మామూలు రోజుల్లోనే బస్సులు కిటకిటలాడుతున్నాయి. అలాంటి బస్సుల మీదకు ఒక రైలు జనం ఒక్కసారి వచ్చి పడితే ఏమవుతుంది? పిల్లలు ఫుట్‌బోర్డు మీద వేలాడతారు. మీకు రైల్వే నుంచి బ్లాకు తేదీలు ముందే అందితే నాలుగు బస్సులు అటు తిప్పడం మీకు కొత్త కాదు. సంక్రాంతికి, శివరాత్రికి స్పెషల్ బస్సులు వేస్తూనే ఉన్నారు కదా. రెండు ఆఫీసుల మధ్య ఒక ఉత్తరం నడిస్తే అయ్యే పని ఇది.

ఇది ఎక్కడా జరగనిదేమీ కాదు. 2024 మే నెలాఖరున ముంబైలో ఠాణే దగ్గర 63 గంటల మెగా బ్లాకు పెట్టారు. వందల లోకల్ బళ్లు రద్దు చేశారు. ఆ మూడు రోజులూ ముంబై సిటీ బస్సులు నడిపే బెస్ట్, అక్కడి రాష్ట్ర రవాణా సంస్థ అదనపు బస్సులు నడిపాయి. వీలైతే ఇంటి నుంచే పని చేయించుకోమని రైల్వే వాళ్లే ఆఫీసులను ముందుగా కోరారు. బ్రిటన్‌లో అయితే లైను మూసిన చోట రైలు బదులు బస్సు స్టేషన్ బయటే నిలబడి ఉంటుంది, రైలు టికెట్టే దానికీ చెల్లుతుంది. మారిన టైములు 12 వారాల ముందే ఖరారు కావాలన్నది అక్కడి నియమం. అదీ అన్నిసార్లూ పాటించలేకపోయారనుకోండి, అక్కడి జనం కూడా తిట్టుకుంటూనే ఉంటారు. అయినా నియమం అంటూ ఉంటే కనీసం అడగడానికి ఉంటుంది. ముంబై అంత జనం మా దగ్గర లేరు నిజమే. తక్కువమందిమి కాబట్టి మాకు రెండు బస్సులతో సరిపోతుంది కూడా.

టికెట్టు డబ్బు విషయానికొస్తే, ఆన్‌లైన్లో రిజర్వేషన్ చేయించుకున్నవాళ్లకు బండి పూర్తిగా రద్దయితే డబ్బు దానంతటదే ఖాతాలో పడుతుంది. సీజన్ టికెట్ వాళ్ల సంగతేమిటి? బండి రాకపోయినా గడువు తేదీ మాత్రం ఆగదు. బ్లాకు ఎన్ని రోజులుంటే అన్ని రోజులు గడువు పెంచండి, లేదా ఆ రోజుల్లో ఆ పాసు చూపిస్తే బస్సు ఎక్కనివ్వండి. రెండూ వద్దంటే కారణమైనా చెప్పండి.

తేదీలు ఎంచుకునేటప్పుడు మా క్యాలెండరు కూడా ఒకసారి తిరగేయండి. సంక్రాంతికి మీరు ఎలాగూ బ్లాకు పెట్టరు, భోగి ముందు రోజు భీమవరంలో దిగే జనాన్ని మీరూ చూసుంటారు. మార్చిలో ఇంటర్, పదో తరగతి పరీక్షలుంటాయి. పొద్దున తొమ్మిదికల్లా సెంటర్లో ఉండాల్సిన పిల్లకు బండి రద్దయితే ఆ ఇంట్లో పడే టెన్షన్ చెప్పలేం. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు కాబట్టి అప్పుడు పెట్టుకోండి అని మా పెట్టెలో ఒకాయన సలహా ఇచ్చాడు. ఆ నెలలో వానలకు మా నల్లరేగడి ఎలా బురదవుతుందో, అందులో కట్ట పని ఎలా చేస్తారో ఆయన ఆలోచించలేదు. ఆ లెక్కలు మీకే బాగా తెలుసు. మధ్యాహ్నం పూట రెండు మూడు గంటల బ్లాకులతో అయ్యే పనులకు మాత్రం పొద్దున, సాయంత్రం బళ్లను ముట్టుకోకండి. పన్నెండింటి బండి రద్దయితే సర్దుకుంటాం. ఆరున్నరది రద్దయితే జీతం కోత.

ఒక్కసారి ఆపిన బండి మళ్లీ వస్తుందో రాదో అనే భయం మా ప్రాంతానికి ఊరికే రాలేదు. కాకినాడ నుంచి కోటిపల్లికి 1928లో వేసిన లైనును 1940లో యుద్ధం కోసమని పీకేశారు. మళ్లీ పట్టాలు పడింది 2004లో. మా జిల్లాల్లో అన్నిటికంటే పొడుగైన లైన్ బ్లాకు అదేనని పెద్దవాళ్లు జోకులేస్తారు. కోటిపల్లి నుంచి నరసాపురానికి వేస్తామన్న 57 కిలోమీటర్ల లైను ఇంకా పూర్తి కాలేదు. అమలాపురం వాళ్లు ఈనాటికీ పంటు (రేవు దాటించే పడవ) మీద గోదావరి దాటో, వంతెనల మీద బస్సుల్లోనో ఇటొచ్చి రైలెక్కుతున్నారు. సఖినేటిపల్లి రేవులో పంటెక్కి నరసాపురంలో దిగి, స్టేషన్‌కు వచ్చాక బండి లేదని తెలిస్తే వాళ్లు వెనక్కి కూడా తేలిగ్గా పోలేరు. అందుకని నోటీసు నరసాపురం స్టేషన్‌లో అంటించినప్పుడు ఇంకో కాపీ ఆ రేవులో కూడా పెట్టించండి.

2027లో గోదావరి పుష్కరాలు. ఈలోగా స్టేషన్ల పనులు, లైన్ల పనులు అన్నీ తోసుకొస్తాయి, బ్లాకులు పెరుగుతాయే తప్ప తగ్గవు. అందుకే పుష్కరాల హడావుడి మొదలు కాకముందే ఒక పద్ధతి ఏర్పాటు చేసుకుంటే మీకూ మాకూ మంచిది. వచ్చేసారి భీమవరం, నిడదవోలు మధ్య బ్లాకు పెట్టినప్పుడు ఒక్క ప్రయోగం చెయ్యండి. నెల ముందు నోటీసు పెట్టండి. పొద్దున రెండు బస్సులు, సాయంత్రం రెండు బస్సులు రైలు టైముకే, రైలు టికెట్టు మీదే నడపండి. వాటిలో ఒకదాని వెనక సీట్లు రెండు వరసలు తీయించి బేసిన్లకు, పూల గంపలకు చోటివ్వండి. ఖర్చు ఎవరి పద్దులో రాసుకోవాలో రెండు శాఖలూ కూర్చుని తేల్చుకోండి. జనం రాకపోతే మరుసటిసారి మానేయండి, మేం అడగం.

ఏ స్టేషన్ దగ్గర ఎంతమంది ఎక్కుతారు, బస్సు లోపలి దాకా రాగలదా, గేటు బయట ఏ చెట్టు కింద ఆగాలి లాంటి వివరాలు కావాలంటే సీజన్ టికెట్ వాళ్లమే స్టేషన్ల వారీగా రాసిస్తాం. వచ్చి మాట్లాడమంటే సెలవు పెట్టుకుని వస్తాం. ఏ రోజు రావాలో మాత్రం కాస్త ముందుగా చెప్పండి.

ఇట్లు,
భీమవరం–నిడదవోలు లైను మీద రోజూ తిరిగే ఒక సీజన్ టికెట్ ప్రయాణికుడు